ఎడమ పాదం కొలత

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తోలుకు తోలు అతికించడమే బతుకుగా చేసుకున్న చెప్పులాయనకు ఆ ఒక్క అబద్ధం మాత్రం అతకలేదు. ఎంత బంక పూసినా ఏదో ఒక అంచు లేచి కనబడుతూనే ఉంది.

చెప్పడానికి అదేం పెద్ద అబద్ధం కాదు. "గడ్డ తీసేస్తారు, కట్టు కడతారు, ఇంటికెళ్ళిపోతాం." కూతురికి అలాగని నచ్చజెప్పి ఆసుపత్రిలో చేర్చారు. అసలు సంగతి వేరు. ఎడమ మోకాలి కింద ఎముకలో పుట్టిన జబ్బు మందులకు లొంగలేదు. మందుల దెబ్బకు పిల్ల జుట్టు రాలిందిగానీ గడ్డ కరగలేదు. ఇక మోకాలి పైదాకా కాలు తీసేయడం తప్ప దారి లేదని పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఆపరేషను రేపు పొద్దున.

పిల్ల మూడో తరగతి. అసలు పేరు బడి వరకే. ఇంట్లో, వీధిలో అందరికీ మిరియం. చూడ్డానికి చిన్నది, కొరికితే తెలుస్తుంది. "చెప్పు తెగిపోయిందమ్మా" అని ఎవరైనా కొట్టుకొస్తే, "అదే తెగిందా, నువ్వు తెంపావా?" అని నిలదీసే రకం. బడి వదలగానే వచ్చి తండ్రి ఎదురుగా పీట వేసుక్కూచునేది. కొలత తీసేటప్పుడు కాగితం జరక్కుండా పట్టుకోవడం దాని కొలువు.

కొలత దగ్గర చెప్పులాయనకు ఒక పట్టింపు ఉంది. ఎవరొచ్చినా రెండు పాదాలూ కాగితం మీద పెట్టాల్సిందే. "ఒక్కటి చాల్లేవయ్యా, తొందరలో ఉన్నాను" అంటే వినడు. "రెండు పాదాలూ కవలపిల్లలు కావు బాబూ, తోడికోడళ్ళు. ఒకదాని కొలత రెండోదానికి పెడితే కాపురం కుదురుగా ఉండదు" అంటాడు. తండ్రి నోరు తెరిచేలోగా ఆ మాట మిరియమే అందుకుని చెప్పేసేది.

ఇంకో పట్టింపు కూడా ఉంది. కుట్టమని కొలతిచ్చి, తీసుకోవడానికి మళ్ళీ రాని వాళ్ళ చెప్పులు అమ్మడు. వాటికి గోడకు విడిగా ఒక అర. ఇంట్లో దాన్ని 'రానివాళ్ళ అర' అంటారు. "వాళ్ళలో సగంమంది ఈపాటికి పోయుంటారు. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయట్రా, నీ చెప్పులు వాటికి సరిపోవు" అని అతని తల్లి ఎంత ఎగతాళి చేసినా, వారానికోసారి వాటి దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెడతాడు.

ఆసుపత్రిలో పిల్లల వార్డు గోడల మీద ఎవరో ఏనుగుల్ని గీశారు. పెచ్చులూడి కొన్నిటికి తొండం లేదు, కొన్నిటికి తోక లేదు. కిటికీలోంచి చూస్తే పెరట్లో తీగల మీద ఆరేసిన పచ్చ దుప్పట్లు. వాటి మీది మరకలు ఉతికినా పోవు. మిరియం మంచం సరిగ్గా ఆ కిటికీ పక్కనే.

తన గడ్డకు అదే ఒక పేరు పెట్టుకుంది: అద్దెకున్నాయన. నొప్పి ఎక్కువైతే "ఇవాళ అద్దెకున్నాయన ఇంట్లో గోల చేస్తున్నాడు" అనేది. సూది మందు ఇవ్వడానికొచ్చిన నర్సుతో ఆ పొద్దునే బేరం కూడా పెట్టింది.

"రేపు ఆయన్ని ఖాళీ చేయిస్తారంట కదా? సామాన్లన్నీ తీసుకుపొమ్మనండి. ఏదో మర్చిపోయానని మళ్ళీ వస్తే నేను తలుపు తియ్యను."

నర్సు నవ్వింది. నవ్వుతూనే చెప్పులాయన వైపు తిరిగి చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. బయట వరండాలో అడిగింది.

"పాపకి చెప్పారా?"

"చెప్పామమ్మా."

"కాలి సంగతి?"

"ఆ... చెప్పాం."

ఒక అబద్ధానికి రెండోది అతుకు వేశాడు.

చెప్పొద్దన్నది అతని తల్లి. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. చెప్పులాయనకు ఒక చెల్లెలుండేది. చిన్నప్పుడు దానికి కడుపులో చీము పట్టింది. కోసి తీయాలన్నారు. తల్లి ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల భయపడి పారిపోయి గొడ్ల కొట్టంలో మేత వెనక దాక్కుంది. ఊరంతా వెతికి పట్టుకునేసరికి లోపల పగిలిపోయింది. దాన్ని బయటికి మోసుకొచ్చినప్పుడు దాని పిడికిట్లో గడ్డిపరకలుండటం చెప్పులాయనకు ఇప్పటికీ గుర్తే.

"నిజం చెప్పి ఒకదాన్ని పొట్టన పెట్టుకున్నాను. రెండోదాని జోలికి రాకండి. మత్తులో ఉండగా అయిపోతుంది. లేచాక ఏడుస్తుంది. ఏడ్చేందుకైనా పిల్లంటూ ఉంటుంది కదరా" అంది ముసలామె. దానికి ఎదురు చెప్పే నోరు కొడుక్కి లేకపోయింది. కోడలికి అసలే లేదు. బెణుకు అనుకుని నెలల తరబడి ఆ కాలికి నూనె రాసి తోమింది తన చేతులతోనే. "నేనే గట్టిగా తోమి పెంచానా?" అని డాక్టర్ని అడిగింది. కాదమ్మా అన్నాడాయన. ఆమె నమ్మలేదు.

మధ్యాహ్నానికి మిరియం హాస్యం అడుగంటింది. పొద్దున పక్క తడిపింది. "అద్దెకున్నాయన చేశాడు" అందిగానీ అది ఎవరికీ నవ్వు తెప్పించలేదు, దానికి కూడా. అన్నం కతకలేదు. గోళ్ళు చర్మందాకా కొరికేసుకుంది.

"నాన్నా, మత్తిస్తే నేను ఎక్కడికి పోతాను?"

"ఎక్కడికి పోతావే? నిద్రపోతావు."

"మధ్యలో మెలకువొస్తే?"

"రాదు."

"వస్తే?"

"నన్ను పిలువు."

"నువ్వు బయటుంటావుగా. వినబడుతుందా?"

"ఎందుకు వినబడదు?"

"ఆ తలుపు నేను చూశాను. మన కొట్టు తలుపుకన్నా మందంగా ఉంది" అంది మిరియం. మళ్ళీ గోరు నోట్లో పెట్టుకుంది.

చెప్పులాయనకు మాట మార్చడానికి ఏదో ఒకటి కావాల్సొచ్చింది. "అదిసరే గానీ, ఇంటికెళ్ళాక నీకేం కావాలో చెప్పు."

పిల్ల ఆలోచించకుండానే చెప్పింది. "చెప్పులు. ఎర్రవి, వెనక పట్టీ ఉండేవి. మిగిలిన ముక్కల్తో కాదు. కొత్త తోలుతో, నా కొలతకి."

నిజమే, పుట్టి ఇన్నేళ్ళయినా దానికి కొలిచి కుట్టింది లేదు. అన్నీ అతుకుల బొంతలే. ఒక పట్టీ నల్లది, ఒకటి గోధుమది. "ఓస్, అంతేనా!" అన్నాడు. పని లేక చచ్చుబడిన చేతులకు ప్రాణం లేచొచ్చింది. చెవి సందున పెన్సిలు ముక్క ఉండనే ఉంది. మందుల పొట్లం కాగితం చదును చేసి నేల మీద పరిచాడు. పిల్లను మంచం అంచున కూర్చోబెట్టి, కుడి పాదం కాగితం మీద పెట్టించి, మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ చుట్టూ గీత తిప్పాడు. బొటనవేలు దగ్గర కావాలని పెన్సిలు రాసి కితకితలు పెట్టాడు. పిల్ల కిసుక్కున నవ్వింది. ముసలామె కూడా బోసినోటితో నవ్వింది. గీత పూర్తయింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు.

మిరియం ఎడమ కాలు చాపి అలాగే కూర్చుని ఉంది.

"నాన్నా. రెండోది?"

ఇన్నేళ్ళలో ఊళ్ళో ఒక్క మనిషిని కూడా ఒంటి పాదంతో కొలిచి పంపని చెయ్యి, ఇవాళ కన్నకూతుర్ని కొలిచి పంపింది. నోరు దాచిన సంగతి చెయ్యి కక్కేసింది.

"వాచి ఉంది కదమ్మా. వాపు తగ్గాక కొలుస్తాను."

"వాపుకాళ్ళ తాతకి వాపుతోనే కొలిచావుగా. వాపుంటే ఇంకా జాగ్రత్తగా కొలవాలన్నావు."

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది, తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది. "నాయనమ్మా, రేపు తీసేది గడ్డేనా?"

"గడ్డేనే నా తల్లీ. ఇంకేం తీస్తారు?"

"అమ్మా?"

అమ్మ ఖాళీ చెంబు పట్టుకుని నీళ్ళకని బయటికెళ్ళిపోయింది. మిరియం ఇంకేమీ అడగలేదు. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి మంచం మీదకు చేర్చుకుంది. దుప్పటి దాని మీదికే లాగి, గోడవైపు తిరిగి పడుకుంది. గోల చేసే పిల్ల గోల చేస్తే భయం లేదు. నోరు మూసుకుంటేనే భయం.

నర్సు వచ్చి నాడి చూసింది. పిల్ల చెయ్యి ఇచ్చింది, నోరు తెరవమంటే తెరిచింది, ఒక్క పెడసరం మాట లేదు. నర్సు చెప్పులాయన్ని బయటికి పిలిచింది.

"చెప్పలేదు కదూ మీరు?"

తల దించుకున్నాడు.

"చూడండి. రేపు మత్తు దిగాక ఒళ్ళు తడుముకుంటుంది. కాలు కోసం దుప్పటి కింద చెయ్యి పెట్టి వెతుక్కుంటుంది. అది దొరక్కపోతే మీ మొహం చూస్తుంది. ఆ తర్వాత మందు తాగమన్నా, లేచి నిలబడమన్నా, మీరు చెప్పిన ఏ మాట వింటుంది?" ఆమె గొంతు తగ్గించింది. "ఇంకోటి. లేని కాలు కొన్నాళ్ళు ఉన్నట్టే అనిపిస్తుంది. నొప్పి పుడుతుంది, దురద కూడా పెడుతుంది. అది కూడా ముందే చెప్పకపోతే పిచ్చెక్కిందనుకుని లోపల్లోపలే హడలి చస్తుంది. మీరు చెప్తారా, డాక్టరుగారితో చెప్పించనా?"

"నేనే చెప్తానమ్మా" అన్నాడు.

లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కిటికీ బయట దుప్పట్లు తీసుకుపోతున్నారు. వెలుగు పల్చబడుతోంది.

"మిరియం. ఎడమది నేను మర్చిపోలేదే."

"తెలుసు. నీ చెయ్యి మర్చిపోదు" అంది పిల్ల గోడతోనే.

"ఒరేయ్, వద్దురా" అంది ముసలామె.

అతను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేడు. "గడ్డ ఒక్కటే తీస్తే అది మళ్ళీ పుడుతుందట. ఊపిరితిత్తుల్లోకి పాకుతుందట. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు. అందుకని... కాలు తీసేస్తారమ్మా."

పిల్ల ఇటు తిరిగింది. "ఎక్కడిదాకా?"

చెప్పులాయన తన తొడ మీద అరచేతి అంచు ఆనించి చూపించాడు.

"నీ మీద కాదు. నా మీద చూపించు."

తోలు మీద ఎన్ని వేల గీతలు గీసిన చెయ్యో అది. మోకాలికి పైన, దుప్పటి మీద ఆన్చింది. ఆనీ ఆననట్టు ఆన్చింది. మిరియం ఆ చేతినే చూసింది. ఒంగి, దాన్ని రెండు చేతులా పట్టుకుని కొరికింది. పళ్ళు దిగాయి. అతను చెయ్యి లాక్కోలేదు.

అప్పుడు వచ్చింది కేక. "అద్దెకున్నాయన్ని పంపమంటే ఇల్లు కూల్చేస్తారా? ఎవరైనా ఇల్లు కూలుస్తారా? నువ్వే కోయమన్నావు! నువ్వే!"

వార్డులో మంచాలన్నీ ఇటు తిరిగాయి. ఎక్కడో ఒక చంటిది జడుసుకుని ఏడుపు అందుకుంది. మిరియం దుప్పటి తన్నేసి మంచం దిగి తలుపువైపు ఉరికింది. ముసలామె మొహంలో నెత్తురు చుక్క లేదు. పాత గొడ్ల కొట్టం ఆమె కళ్ళముందు మళ్ళీ తెరుచుకున్నట్టుంది. "చెప్పానా! చెప్పానా నేను!" అని నోరు కొట్టుకుంది.

పిల్ల పక్క మంచందాకా కూడా పోలేదు. ఎడమ కాలు మడత పడి నేల మీద కూలింది. అది కాపాడుకోబోయిన కాలే దాన్ని పారిపోనివ్వలేదు.

తల్లి వెళ్ళి ఎత్తుకుంది. ఇన్నాళ్ళూ చెంబులు, గిన్నెలు అడ్డం పెట్టుకుని మొహం దాచుకున్న మనిషి, మంచమెక్కి పిల్లను ఒళ్ళో వేసుకుని దానికంటే గట్టిగా ఏడ్చింది. "దాన్ని ఏడవనివ్వండి అత్తయ్యా. మీరు ఊరుకోండి" అంది. అత్తగారికి ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. ముసలామె నోరు మూసుకుని, చెంగు నోట్లో కుక్కుకుంది.

ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళ దగ్గరికి వచ్చింది మిరియం. తండ్రివైపు చూడకుండానే అడిగింది.

"మళ్ళీ మొలుస్తుందా? జుట్టు మొలుస్తుందన్నారుగా."

మొలుస్తుందనడానికి ముసలామె నోరు తెరిచింది. కొడుకు ముందే అనేశాడు. "జుట్టు మొలుస్తుంది. కాలు మొలవదు."

"నొప్పి?"

"కోసేటప్పుడు తెలీదు. లేచాక ఉంటుంది. చాలా ఉంటుంది. మందులిస్తారు." నర్సు మాట గుర్తొచ్చింది. "తీసేసిన కాలు ఉన్నట్టే అనిపిస్తుందట. దురద కూడా పెడుతుందట."

"లేనిది ఎలా దురద పెడుతుంది? అబద్ధం."

"నాకూ అలాగే అనిపించింది. నర్సు చెప్పింది."

"తీసిన కాలు ఏం చేస్తారు?"

"తెలీదు. డాక్టర్ని అడుగుదాం."

తెలీదన్న మాట అతని నోట వినడం పిల్లకు కొత్త. తల తిప్పి మొదటిసారి సూటిగా చూసింది. "నేను చచ్చిపోతానా?"

"పోకూడదనే ఇదంతా."

"పోతానా అని అడిగాను."

"పోవని డాక్టరు మాటివ్వలేదు. కాలు తీస్తే బతకడానికే ఎక్కువ వీలుందన్నాడు. నాకు తెలిసింది అంతే."

ఆయా వచ్చి దీపాలు వేసి వెళ్ళింది. మిరియం అమ్మ ఒళ్ళోంచి లేచి మంచం అంచుకు జరిగింది.

"కాగితం తీయి."

తీశాడు.

"ఎడమది కొలువు."

"ఎందుకే తల్లీ..." అంది నాయనమ్మ.

"రెండూ కొలవాలి" అంది మిరియం.

కుడి పాదం పక్కనే ఎడమ పాదం పెట్టించాడు. పిల్ల అలవాటుగా ఒంగి కాగితం అంచులు పట్టుకుంది. పెన్సిలు వంచకుండా నిలువుగా పట్టుకుని మడమ దగ్గర మొదలుపెట్టాడు. వాపుకు చీలమండ నిగనిగలాడుతోంది. పాదం ఆనిస్తే నొప్పి. పిల్ల పళ్ళు బిగబట్టింది. ఈసారి కితకితలు పెట్టలేదు. ఒక్కో వేలు సందులోకీ పోయి, చిటికెన వేలి మీది చిన్న పుట్టుమచ్చ పక్కగా తిప్పి గీత కలిపాడు. అతని చేతిమీది పంటిగాట్లలోంచి ఒక నెత్తుటి చుక్క కాగితం మీద పడింది. తుడవబోతే "ఉండనీ" అంది పిల్ల.

"రెండూ కుట్టాలి. ఎడమది ఎవరికీ అమ్మకూడదు."

"అమ్మను."

"రానివాళ్ళ అరలో పెట్టు."

"అలాగే."

"దుమ్ము తుడవాలి."

"తుడుస్తాను."

పడుకోబోయే ముందు అమ్మ చెయ్యి పట్టుకుంది. నాన్న చెయ్యి పట్టుకోలేదు.

పొద్దున పెద్ద డాక్టరు వచ్చి, నిలబడకుండా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పిల్ల తొడ మీద నల్ల గీత గీస్తూ, "ఇవాళ ఏం చేస్తామో నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు. అద్దెకున్నాయన కోసం ఇల్లు కూల్చేస్తున్నారు."

ఆయన గీస్తున్న చెయ్యి ఆగింది. "ఇల్లు మొత్తం కాదమ్మా. ఒక గది. ఇల్లు నిలబెట్టడానికే ఆ గది తీసేస్తున్నాం."

"గీత వంకర పోయింది" అంది మిరియం.

ఆయన చూసుకుని, చెరిపి, సరిచేశాడు. చక్రాల మంచం ఆపరేషను గది తలుపుదాకా వచ్చింది. పిల్ల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నర్సునే అడిగింది. "నేను లేచేసరికి మా నాన్న ఉంటాడా? మీరు చెప్పండి."

పక్కనే ఉన్న తండ్రిని అడగలేదు. అతనికి ఆ మాట పంటిగాటుకంటే లోతుగా దిగింది. అయినా దిగమింగుకున్నాడు; చేసుకున్న దానికి అది తక్కువే.

"ఉంటాడు. నేను కూర్చోబెడతాను" అంది నర్సు. తలుపు మూసుకుంది. పిల్ల చెప్పింది నిజమే, మందమైన తలుపు. లోపలిదేదీ వినబడలేదు.

ఎండ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు జరిగాక లోపలికి పిలిచారు. తెల్లటి మొహం, ఎండిన పెదాలు, ముక్కులో గొట్టం. దుప్పటి ఒకవైపు కొసదాకా ఎత్తుగా ఉంది. రెండోవైపు సగంలోనే చదునైపోయింది. చెప్పులాయన చదునైన వైపే కూర్చున్నాడు.

కళ్ళు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. చెయ్యి దుప్పటి కిందికి పోలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"తీసేశారా?"

"తీసేశారమ్మా."

"చూపించు."

నర్సు వైపు చూశాడు. ఆమె తలూపింది. దుప్పటి ఎత్తాడు. మిరియం కట్టుకేసి చూసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. చప్పుడు లేదు. చాలన్నట్టు చెయ్యి కదిలిస్తే దుప్పటి కప్పాడు.

కాసేపటికి మొహం చిట్లించుకుంది. "నాన్నా."

"చెప్పమ్మా."

"దురద."

"ఎక్కడ?"

"ఎడమ వేళ్ళు. లేవుగా? ఎందుకు దురద పెడుతున్నాయి? గోకు నాన్నా. గోకు."

ఎక్కడ గోకాలో తెలియక చెప్పులాయన చేతులు గాలిలో తచ్చాడాయి. ఆ చేతులకే తట్టింది. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. దుప్పటి చదునుగా ఉన్న చోట, పాదం ఉండాల్సిన చోట, ఎడమ గీతను పరిచాడు. బొటనవేలి మీద గోటితో గీరాడు.

"ఇక్కడా?"

పిల్ల తల కొద్దిగా ఎత్తి కాగితం వైపు చూసింది.

"కాదు. చిటికెన వేలు."

పుట్టుమచ్చ ఉండాల్సిన చోటు అతనికి తెలుసు. అక్కడ గీరాడు.

"ఇంకొంచెం కిందికి" అంది మిరియం.